పెరటి పక్షులను గమనించడం, ఫొటో తీయడం ఎలా?

అడవికి వెళ్ళి పక్షులను చూసేవారికి కొత్త జాతులు ఎక్కువగా కనబడవచ్చు గానీ, ఒకే పక్షిని రోజూ చూసే అవకాశం మాత్రం పెరడు ఉన్నవారికే దక్కుతుంది. పెరడు లేకపోతే బాల్కనీ చాలు, చెట్టు కనిపించే కిటికీ అయినా చాలు. ఏ పిట్ట ఏ వేళకు వస్తుందో, ముందు ఏ కొమ్మ మీద వాలి తర్వాత ఎక్కడికి దిగుతుందో, దేనికి బెదురుతుందో తెలిసినవారికి మంచి ఫొటో తీయడం సగం సులువవుతుంది. ఆ సంగతులు తెలియనివారు ఎంత ఖరీదైన లెన్స్ పట్టుకున్నా, ఎగిరిపోతున్న తోకను తీయడమే ఎక్కువగా జరుగుతుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో కెమెరా చాలా ఆలస్యంగా వస్తుంది. కొన్ని వారాల పాటు కళ్ళు, చెవులు, ఒక నోటు పుస్తకం, వీలైతే ఒక బైనాక్యులర్ మాత్రమే వాడండి.

మొదట చోటు, వేళ

కూర్చోవడానికి ఒకే చోటు ఎంచుకోండి. అక్కడి నుంచి ఒక చెట్టు గానీ పొద గానీ, కొంత ఖాళీ నేల, వీలైతే నీళ్ళ పళ్ళెం కనబడాలి. మీరు గమనించే వేళకు సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి. ఎదురుగా ఉంటే ప్రతి పిట్టా నల్లని నీడలాగానే కనిపిస్తుంది. సూర్యోదయం తర్వాతి రెండు గంటలు అన్నిటికంటే మంచి సమయం. రాత్రంతా ఆకలితో ఉన్న పక్షులు అప్పుడే మేతకు తిరుగుతాయి, వెలుతురు కూడా మెత్తగా ఏటవాలుగా పడుతుంది. సాయంత్రం గూటికి చేరే ముందు మరోసారి సందడి ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో చాలా పక్షులు నీడ పట్టుకుని కదలకుండా ఉండిపోతాయి.

మీరు రాగానే పెరడు నిశ్శబ్దమైపోతే నిరాశపడకండి. కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటే, పొదల్లోకి తప్పుకున్నవి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. రోజూ అదే వేళకు అదే కుర్చీలో కూర్చుంటే కొంతకాలానికి మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి. దుస్తుల రంగు గురించి చాలామంది అతిగా ఆలోచిస్తారు. ముదురు, మాసిన రంగులు మంచివే గానీ, పక్షిని బెదరగొట్టేది ముఖ్యంగా హఠాత్తు కదలిక. లేవాల్సి వస్తే నెమ్మదిగా లేవండి, పిట్ట వైపు సూటిగా నడవకుండా పక్కగా నడవండి. దీపాలు ఆర్పేసిన గదిలో కిటికీకి కాస్త వెనకగా కూర్చోవడం మరో మంచి ఉపాయం. బయట వెలుతురు ఎక్కువ, లోపల చీకటి కాబట్టి లోపలున్న మనిషి వాటి కంటికి అంతగా ఆనడు.

బైనాక్యులర్ కొనేవారికి

బైనాక్యులర్ మీద 8×42 అని రాసి ఉంటే, మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. పెరటికి 8×42 గానీ 8×32 గానీ సరిపోతుంది. 10 రెట్లవి ఇంకా మంచివనిపిస్తుంది గానీ, చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, ఆకుల మధ్య చురుగ్గా తిరిగే చిన్న పిట్టను వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది. పెరటి కోసం కొనేవారు తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఎంత దగ్గర వస్తువు మీద ఫోకస్ కుదురుతుంది? రెండు మీటర్ల దూరంలో వాలిన పిట్టను కూడా స్పష్టంగా చూపగలిగితే అది పెరటికి పనికొచ్చే పరికరం.

వాడే ముందు ఒకసారి సర్దుకోవాలి. కుడి కంటి ముందు అద్దాన్ని మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఏదైనా స్పష్టమైన గుర్తు కనిపించేలా చేయండి. తర్వాత ఎడమ అద్దాన్ని మూసి, కుడి కంటి దగ్గరున్న చిన్న వలయాన్ని మాత్రమే తిప్పి అదే గుర్తును స్పష్టం చేసుకోండి. ఇక ఎప్పుడూ మధ్య చక్రం తిప్పితే చాలు. కళ్ళజోడు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించుకోవాలి, లేనివారు పైకి తిప్పుకోవాలి. పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్ కోసం చూస్తే, మళ్ళీ తలెత్తేసరికి పిట్ట ఎక్కడుందో తెలియదు. చూపు పిట్ట మీదనే నిలిపి, పరికరాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి.

ఏ పిట్టో తెలుసుకోవడం

కొత్త పిట్టను చూసినప్పుడు అందరూ మొదట రంగు చూస్తారు. నా అభిప్రాయంలో రంగును చివరికి ఉంచాలి, ఎందుకంటే నీడలో గోధుమరంగుగా కనిపించినది ఎండలోకి రాగానే పచ్చగా మెరవవచ్చు. ముందు పరిమాణం చూడండి. ఊర పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. దానికంటే చిన్నదా, పావురమంత ఉందా, కాకి కంటే పెద్దదా అని తెలిసిన పక్షులతో పోల్చుకుంటే చాలు. తర్వాత ముక్కు చూడండి. పొట్టిగా లావుగా శంకువులా ఉంటే అది గింజలు చిదిపే పిట్ట, సన్నగా పొడుగ్గా వంపు తిరిగి ఉంటే పూలలో తేనె తాగేది కావచ్చు, కొక్కెంలా కిందికి వంగి ఉంటే మాంసం చీల్చేది కావచ్చు.

ఆపై అది చేస్తున్న పని గమనించండి. పిచ్చుక నేల మీద రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది, పావురం తల ఊపుతూ అడుగులు వేస్తుంది, కాకి రెండూ చేస్తుంది. వడ్రంగి పిట్ట నిలువు మానును పట్టుకుని తోకను ఊతకర్రగా ఆనించి పైకి పాకుతుంది, ఎగిరేటప్పుడు అలలా లేస్తూ పడుతూ పోతుంది. ఇలాంటి గుర్తులు మసక వెలుతురులో కూడా మోసం చేయవు. ఇవన్నీ చూశాక రంగుకు రండి, అది కూడా మొత్తం రంగు కాదు, ఏ భాగంలో ఏ రంగు అన్నది. కంటి పైన కనుబొమలా చార ఉందా, కంటి చుట్టూ వలయం ఉందా, రెక్క మీద అడ్డ చారలున్నాయా, తోక కింద వేరే రంగుందా అని వరుసగా చూడండి.

ఒకే జాతిలో మగ, ఆడ, పిల్ల వేరు వేరు జాతుల్లా కనిపించడం కొత్తవారిని తికమక పెట్టే విషయం. మగ ఊర పిచ్చుకకు గొంతు కింద నల్లని మచ్చ ఉంటుంది, ఆడదానికి ఉండదు. ఈకలు కొత్తగా వచ్చినప్పుడు ఆ నల్లటి ఈకల అంచులు బూడిదరంగులో ఉండి మచ్చను కప్పేస్తాయి. నెలలు గడిచేకొద్దీ ఆ అంచులు అరిగిపోయి, జతకట్టే కాలానికి నల్లదనం పూర్తిగా బయటపడుతుంది. అంటే కొత్త ఈక రాకుండానే పిట్ట రూపం మారుతుందన్నమాట. ఇంత చిన్న మార్పును కళ్ళారా చూడగలగడం పెరటి పరిశీలనలోని గొప్ప ఆనందాల్లో ఒకటి. పిల్లలను నోటి మూలల్లోని పసుపు రంగును బట్టి, రెక్కలు వణికిస్తూ మేత అడిగే తీరును బట్టి గుర్తుపట్టవచ్చు.

చెవులకు పని చెప్పడం మరచిపోవద్దు. ఆకులు దట్టంగా ఉన్న చెట్టులో పిట్ట కనిపించకముందే వినిపిస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధనాలయం ఉచితంగా ఇస్తున్న మెర్లిన్ అనే యాప్ కూతను విని పేరు సూచిస్తుంది. అది మంచి సహాయకారి, కానీ అది చెప్పిన పేరును కంటితో చూసి నిర్ధారించుకున్న తర్వాతే పుస్తకంలో రాయండి. అనుకరించే పక్షులు యాప్‌నూ మోసగించగలవు.

రాసుకోవడం

ఈ అభిరుచిలో చాలామంది వదిలేసే పని ఇదే, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నదీ ఇదే. అమెరికాలోని బర్క్‌లీలో వెన్నెముక జీవుల మ్యూజియానికి 1908లో తొలి సంచాలకుడైన జోసెఫ్ గ్రినెల్, క్షేత్రంలో చూసినదాన్ని క్రమపద్ధతిలో రాసిపెట్టడాన్ని ఒక కట్టుబాటుగా మార్చారు. ఆ పద్ధతి ఇప్పటికీ జీవశాస్త్రజ్ఞులు వాడుతున్నారు. మీకు అంత వివరం అక్కరలేదు. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఎండా మబ్బా గాలా, ఏయే పక్షులు ఎన్ని, ఏం చేశాయి అన్నవి చాలు. ఇవి అక్కడే, అప్పుడే రాయాలి. సాయంత్రం రాద్దామనుకుంటే జ్ఞాపకం చూడనివి కూడా కలిపి చెబుతుంది.

లెక్కలో ఒక చిక్కు ఉంది. ఒకే పిచ్చుక ఐదుసార్లు వచ్చి వెళ్ళితే ఐదు పిచ్చుకలని రాసే ప్రమాదముంది. అందువల్ల ఒక్క చూపులో ఒకేసారి కనిపించిన అత్యధిక సంఖ్యనే ఆ పూట లెక్కగా తీసుకోండి. రాని పక్షిని కూడా రాయండి. నిన్నటిదాకా రోజూ వచ్చిన జంట ఈ వారం ఒక్కసారి కూడా కనిపించకపోతే, ఆ లోటే తర్వాత మీకు గూటి కాలం గురించో వలస గురించో చెప్పే మొదటి వాక్యమవుతుంది.

కొన్నాళ్ళకు జాతులను దాటి విడివిడి పక్షులను గుర్తుపట్టడం మొదలవుతుంది. ఒకదానికి తోక ఈక ఒకటి లేకపోవచ్చు, ఇంకొకదానికి కాలి వేలు ఒకటి తెగి ఉండవచ్చు, మరొకదాని తల మీద ఒక తెల్ల ఈక ఉండవచ్చు. మార్గరెట్ మోర్స్ నైస్ అనే అమెరికన్ మహిళ 1928 నుంచి కొలంబస్ నగరంలో తన ఇంటి దగ్గరి పొదల్లో తిరిగే పాటల పిచ్చుకల కాళ్ళకు రంగు వలయాలు తొడిగి, ఒక్కొక్క పక్షి జీవితాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. 1937లోనూ 1943లోనూ ఆమె ప్రచురించిన ఫలితాలు పక్షుల ప్రవర్తన గురించిన అధ్యయనాన్నే కొత్త దారి పట్టించాయి. వలయాలు తొడగడం అనుమతి, శిక్షణ ఉన్నవారి పని కాబట్టి మనం దాని జోలికి పోకూడదు. కానీ సహజంగా ఉన్న గుర్తులతో ఆ మార్గంలో కొంతదూరం ఎవరైనా నడవవచ్చు. ఈకలు మార్చుకునే కాలంలో పడిన ఖాళీలు కొన్ని వారాలే ఉంటాయి గనుక, ఆ గుర్తులను తేదీతో సహా బొమ్మ గీసి పెట్టుకోండి. బొమ్మ అందంగా రానక్కర లేదు.

పెరటిని సిద్ధం చేయడం

గింజల కంటే ముందు నీళ్ళు పెట్టండి. గింజలు తినే పక్షులు కొన్నే, నీళ్ళు మాత్రం అన్నిటికీ కావాలి, పురుగులు తినే పిట్టలు కూడా స్నానానికి వస్తాయి. పళ్ళెం లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు, అడుగు గరుకుగా ఉండాలి, అంచు ఏటవాలుగా ఉంటే మరీ మంచిది. నున్నటి పళ్ళెమే ఉంటే అందులో ఒక చదునైన రాయి వేయండి. పిల్లి పొంచి ఉండలేనంత దూరంలో, కానీ బెదిరినప్పుడు పిట్ట ఒక్క ఎగురులో పొదకు చేరగలిగేంత దగ్గరలో, అంటే పొదకు సుమారు రెండు మూడు మీటర్ల దూరంలో ఉంచండి. నీళ్ళు రోజూ మార్చండి. నిలవ నీటిలో దోమలు పెరుగుతాయి, రెట్టల వల్ల రోగాలు వ్యాపిస్తాయి.

గింజలు పెట్టే పళ్ళేన్ని కనీసం రెండు వారాలకొకసారి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ వాడండి. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుపోయి, మనిషి దగ్గరికి వచ్చినా కదలని పక్షి కనిపిస్తే కొన్నాళ్ళు మేత పెట్టడం ఆపాలి. ఒకచోట గుమిగూడడం వల్లే చాలా రోగాలు ఒకదాని నుంచి మరొకదానికి పాకుతాయి. ఉప్పు కలిసినవి, బూజు పట్టినవి ఎప్పుడూ వేయకండి. పురుగుమందులు చల్లడం మానేస్తే, మీరు వేసే గింజల కంటే ఎక్కువ మేలు జరుగుతుంది, ఎందుకంటే గింజలు తినే పిట్టల్లో కూడా చాలా మటుకు తమ పిల్లలకు పురుగులనే తినిపిస్తాయి.

కిటికీ అద్దాలు పక్షుల ప్రాణాలు తీస్తాయి. అద్దంలో కనిపించే చెట్టు నిజమనుకుని వేగంగా వచ్చి గుద్దుకుంటాయి. పళ్ళేన్ని అద్దానికి ఒక మీటరు లోపల ఉంచితే పిట్ట వేగం అందుకునేలోపే అద్దం వస్తుంది కాబట్టి దెబ్బ తక్కువ. లేదంటే పది మీటర్ల అవతల ఉంచండి. అద్దం బయటి వైపు 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలో గీతలో అతికిస్తే ఇంకా భద్రం. ఒక్క డేగ బొమ్మ అంటించి ఊరుకుంటే సరిపోదు, దాని పక్కన మిగిలిన ఖాళీలో నుంచి దూరి పోవచ్చని పిట్ట అనుకుంటుంది.

ఇప్పుడు ఫొటో కోసం ఒక ఏర్పాటు. మీ నోటు పుస్తకం చూస్తే పిట్టలు నీళ్ళ దగ్గరికి నేరుగా దిగవని తెలుస్తుంది. ముందు దగ్గరి కొమ్మ మీద వాలి, అటూ ఇటూ చూసి, అపాయం లేదనుకున్నాకే దిగుతాయి. నీళ్ళకు ఒక మీటరు దూరంలో, అవి వచ్చే దారిలోనే, ఒక అందమైన ఎండుకొమ్మను పాతండి. వేలంత లావు చాలు. దాని వెనక ఐదారు మీటర్ల వరకు ఏమీ లేకుండా, ఆ వెనక ఆకుపచ్చని పొదలుండేలా చూసుకుంటే, ఫొటోలో నేపథ్యం మెత్తగా కలిసిపోయి పిట్ట ఒక్కటే తేటగా నిలుస్తుంది. స్నానం ముగించిన పిట్ట ఆ కొమ్మ మీదికే వచ్చి రెక్కలు విదిలించి, ముక్కుతో ఒక్కొక్క ఈకనూ దువ్వుకుంటూ చాలాసేపు కూర్చుంటుంది. మీకు దొరికే అతి మంచి సమయం అదే.

కెమెరా

పిట్ట చిన్నది, దూరంగా ఉంటుంది. కాబట్టి లెన్స్‌లు మార్చే కెమెరాకు కనీసం 300 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి, 400 నుంచి 600 ఉంటే హాయి (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపు పిట్ట పెద్దగా కనిపిస్తుంది). జూమ్ ఎక్కువున్న చిన్న కెమెరాలు కూడా మంచి వెలుతురులో బాగానే పనిచేస్తాయి. ఫోను మాత్రమే ఉన్నవారు దాన్ని నీళ్ళ పళ్ళెం దగ్గర స్టాండు మీద నిలిపి, బ్లూటూత్ రిమోట్‌తో దూరం నుంచి తీయవచ్చు, లేదా బైనాక్యులర్ కంటి అద్దానికి ఫోను లెన్స్‌ను ఆనించి తీయవచ్చు. ఫోనులోని డిజిటల్ జూమ్‌ను బాగా పెంచడం వల్ల లాభం లేదు, వివరం పెరగదు.

సెట్టింగుల్లో మొదట షటర్ స్పీడ్ గురించి, అంటే కెమెరా ఎంతసేపు వెలుతురును లోపలికి రానిస్తుందన్న దాని గురించి ఆలోచించండి. కదలకుండా కూర్చున్నట్లు కనిపించే చిన్న పిట్ట కూడా తలను క్షణక్షణం తిప్పుతూనే ఉంటుంది, అందువల్ల 1/500 సెకను కంటే తగ్గకపోవడం మేలు. స్నానం చేస్తున్నప్పుడు 1/1000, ఎగురుతున్నప్పుడు 1/2000 లేదా అంతకంటే వేగం కావాలి. నీటి తుంపరలు గీతల్లా సాగి కనిపించాలని మీరు కోరుకుంటే 1/125కు దించి చూడండి. అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య ఉంచి, వెలుతురుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓను ఆటోకు వదిలేయండి. ఐఎస్ఓ పెరిగి ఫొటోలో గరుకు వస్తుందని భయపడి షటర్ వేగం తగ్గించకండి. గరుకును తర్వాత కొంత తగ్గించవచ్చు, కదిలిపోయిన ఫొటోను బాగుచేయలేం.

ఫోకస్‌ను నిరంతరం వెంటాడే పద్ధతిలో పెట్టి, ఎప్పుడూ కన్ను మీద నిలపండి. జంతువుల, పక్షుల కన్నును తనంతట తాను పట్టుకునే సదుపాయం మీ కెమెరాలో ఉంటే వాడండి, కానీ ముందు ఆకులు అడ్డున్నప్పుడు అది తడబడుతుంది, అప్పుడు ఒకే చిన్న బిందువుకు మారండి. రెక్క కాస్త మసకబారినా కన్ను స్పష్టంగా ఉంటే ఫొటో నిలుస్తుంది. కన్నులో వెలుతురు చుక్క మెరిసేలా, తల కొద్దిగా మీ వైపు తిరిగే దాకా ఆగి అప్పుడు నొక్కండి.

కెమెరా తన ముందున్న దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిదరంగంత వెలుతురుతో ఉందనుకుని లెక్క కడుతుంది. అందుకే ఫ్రేము నిండా కనిపించే తెల్లకొంగను మురికిగా, కాకిని వెలిసినట్లుగా చూపవచ్చు. తెల్లకొంగ ఫ్రేమును నింపితే ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే మొత్తం వెలుతురు) కొంచెం పెంచండి, కాకి నింపితే తగ్గించండి. అదే తెల్లకొంగ ముదురు పొదల ముందు చిన్నగా ఉంటే మాత్రం తగ్గించాలి, లేకపోతే ఈకల గీతలన్నీ తెల్లదనంలో కరిగిపోతాయి. వెలిగే ఆకాశం ముందు కొమ్మ మీదున్న పిట్టకు ఒక స్టాప్ వరకు, అంటే రెట్టింపు వెలుతురు దాకా పెంచవలసి ఉంటుంది.

మీ కళ్ళెత్తు పిట్ట కళ్ళెత్తుకు చేరితే ఫొటో స్వభావమే మారిపోతుంది. నేల మీద తిరిగే పిట్టకు మీరు నేల మీద పడుకోవాలి. పై నుంచి తీసినది వీపు ఫొటో అవుతుంది. గాలిని కూడా గమనించండి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగానే ఎగురుతాయి, వాలతాయి. సూర్యుడితో పాటు గాలి కూడా మీ వీపు వైపు నుంచి వస్తున్న రోజున వాలే ప్రతి పిట్టా మీ వైపే వస్తుంది.

కెమెరా చప్పుడుకు బెదిరే పిట్టలున్నచోట సైలెంట్ షటర్ ఉపయోగపడుతుంది. ఎగిరేవాటికి దాన్ని వాడితే మాత్రం చాలా కెమెరాల్లో రెక్కలు వంకరగా వస్తాయి, ఎందుకంటే సెన్సర్ చిత్రాన్ని వరుసలు వరుసలుగా చదువుతుంది. కిటికీ అద్దంలో నుంచి తీసేటప్పుడు అద్దాన్ని రెండు వైపులా తుడిచి, గదిలో దీపాలార్పి, లెన్స్‌ను అద్దానికి ఆనించి సూటిగా పెట్టండి. ఏటవాలుగా పెడితే చిత్రం మసకబారుతుంది.

దాటకూడని హద్దులు

గూటి దగ్గరికి ఫొటో కోసం వెళ్ళకండి. ఇందులో మినహాయింపు లేదు. మీరు పదే పదే వెళ్ళడం చూసి తల్లి గూడు వదిలేయవచ్చు, కాకులు, పిల్లులు మీ రాకపోకలను బట్టి గూటిని కనిపెట్టవచ్చు. అడ్డుగా ఉందని తుంచిన ఒక్క రెమ్మ వల్ల ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను రప్పించడం కూడా మానండి. తన హద్దులోకి మరో మగది వచ్చిందనుకుని అది మేత మాని, లేని శత్రువు కోసం వెతుకుతూ తిరుగుతుంది. రాత్రి గుడ్లగూబల మీద ఫ్లాష్ వాడకండి.

ఈకలు వచ్చి, ఇంకా సరిగా ఎగరలేక నేల మీద గెంతుతున్న పిల్ల కనిపిస్తే అది తప్పిపోయిందనుకోకండి. సాధారణంగా తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మీరు ఎప్పుడు కదులుతారా అని చూస్తుంటాయి. పిల్లి ఉంటే పిల్లిని లోపల పెట్టి, మీరూ దూరంగా జరగండి. ఈకలే రాని పిల్ల గూటి నుంచి పడి ఉంటే, గూడు అందితే మెల్లగా తిరిగి అందులో పెట్టవచ్చు. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు.

తీసిన తర్వాత

అదే రోజు కూర్చుని, ఫోకస్ తప్పినవి, ఒకేలా ఉన్నవి తీసేయండి. ఏరేటప్పుడు అందాన్ని మాత్రమే చూడకండి. కాస్త మసకగా ఉన్నా ముక్కులో ఏ పురుగుందో చూపే ఫొటో, పిట్ట ఊరికే కూర్చున్న పది ఫొటోల కంటే విలువైనది. ఫైలు పేరులో తేదీ, పిట్ట పేరు ఉంచండి. అంతకంటే ముందు కెమెరా గడియారం సరిగా ఉందో లేదో చూసుకోండి, అది తప్పితే ఫొటోనూ నోటు పుస్తకాన్నీ కలపడం సాధ్యం కాదు.

మీ లెక్కలు పరిశోధకులకు కూడా పనికొస్తాయి. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా తాము చూసిన పక్షుల జాబితాను సమయంతో, చోటుతో నమోదు చేయవచ్చు. 1998లో మొదలై ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు 2013 నుంచి ప్రపంచమంతటికీ విస్తరించింది. కనీసం పదిహేను నిమిషాలు గమనించి లెక్క పంపితే చాలు. జాబితా పంపేటప్పుడు గుర్తుపట్టిన పక్షులన్నిటినీ, మామూలువని వదిలేయకుండా కాకులతో సహా చేర్చండి. పూర్తి జాబితా అయితేనే ఒక పక్షి ఆ పూట అక్కడ కనిపించలేదన్న సంగతి కూడా సమాచారమవుతుంది. అరుదైన పక్షిదో, గూటిదో ఫొటోను నలుగురితో పంచుకునేటప్పుడు మాత్రం కచ్చితమైన చోటు రాయకండి, ఫోనుతో తీసిన ఫొటోలో దాగి ఉండే స్థల వివరాన్ని కూడా ముందే తొలగించండి.